అదే పేరు, వేరే ప్రయాణం: గుంపు యాత్రల్లో పాత ప్లాన్, కొత్త ప్లాన్ పోల్చి ఎంచుకోవడం

విజయనగరం గంటస్తంభం దగ్గరా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరా గోడలకు అంటించే యాత్రల కరపత్రాల్లో పేర్లు ఏళ్ల తరబడి మారవు. కాశీ–గయ–ప్రయాగ, పూరీ–కోణార్క్–భువనేశ్వర్, తిరుపతి–కాళహస్తి, కార్తీకమాసంలో పంచారామాలు. మారేదల్లా ఆ పేర్ల కింద చిన్న అక్షరాల్లో ఉండే రోజువారీ కార్యక్రమం. ఒక ఏడు ఒక ఊరు చేరుతుంది. మరుసటి ఏడు ఒక రాత్రి బస పోతుంది. ఇంకో ఏడు రైలు బదులు బస్సు వస్తుంది. ధరా, ఊళ్ల సంఖ్యా చూసి డబ్బు కట్టినవాళ్లకు ఈ తేడా బండి ఎక్కాకే తెలుస్తుంది.

కాబట్టి రెండు యాత్రలు ఎదురుగా ఉన్నప్పుడు, లేదా ఒకే సంస్థవారి పోయినేటి కరపత్రం, ఈ ఏటి కరపత్రం చేతిలో ఉన్నప్పుడు, ఊళ్లు లెక్కపెట్టకండి. రెండు లెక్కలు చాలు. పక్క మీద నడుం వాల్చి నిద్రపోయే రాత్రులు ఎన్ని? ఏ క్షేత్రం కోసం ఇల్లు కదులుతున్నామో ఆ క్షేత్రంలో మెలకువగా గడిపే గంటలు ఎన్ని? మిగతావన్నీ వీటి తరవాతే.

మార్పు ఎక్కణ్నుంచి వచ్చింది?

కొత్త ప్లాన్ అంటే చెడ్డదనీ కాదు, పాతది అంటే మంచిదనీ కాదు. కొన్ని మార్పులు తప్పనివి. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అంతకు ముందు నాలుగు నెలల ముందే టికెట్లు చేతిలో పెట్టుకుని తేదీ ప్రకటించేవారు. ఇప్పుడు దసరాకు బయలుదేరే యాత్రను వేసవిలో ప్రకటించారంటే రైలు టికెట్లు ఇంకా లేవన్నమాటే. "కన్‌ఫర్మ్ బెర్తు" అని అప్పుడే రాసి ఉంటే అది మాట మాత్రమే, టికెట్ కాదు. దీనికి తోడు 2025 మే 1 నుంచి వెయిటింగ్ లిస్టు టికెట్‌తో స్లీపర్, ఏసీ పెట్టెల్లో ఎక్కనివ్వడం లేదు. పదిమంది వెయిటింగ్‌లో ఉన్నా సర్దుకుని తీసుకుపోయే పాత అలవాటు ఇక చెల్లదు. రైలు వదిలి బస్సు పెట్టుకోవడానికి ఇదొక పెద్ద కారణం.

వంట సంగతి కూడా ఇలాంటిదే. ప్రత్యేక పెట్టె తీసుకుని అందులోనే వండి వడ్డించే యాత్రలు ఒకప్పుడు ఉండేవి. రైల్లో గ్యాస్ సిలిండరు తీసుకెళ్లడం నేరం. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల పెట్టెలో అలా తెచ్చిన సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. "రైల్లోనే వేడివేడి వంట" అని ఇప్పటికీ ఎవరైనా ఆకర్షణగా చెబితే ఆ ఒక్క మాటకే ఆ యాత్ర వదిలేయాలి. బస్సు డిక్కీలో నిండు సిలిండర్లు పెట్టుకుని నడిచే యాత్రలకూ ఇదే సలహా. వంటవాళ్లు వెంట ఉండటం మంచిదే. అయితే వంట సత్రం వంటగదిలో జరగాలి, గ్యాసు అక్కడే దొరకాలి.

రెండో రకం మార్పులు యాత్రికులు అడిగితే వచ్చినవి. 2024 జనవరి 22న అయోధ్యలో బాలరాముడి ప్రాణప్రతిష్ఠ అయ్యాక అయోధ్య లేని కాశీ యాత్ర అమ్ముడుపోవడమే కష్టమైంది. అరుణాచలం లేని తిరుపతి యాత్ర కూడా అలాగే తగ్గిపోతోంది. అడగడంలో తప్పులేదు. చేరిన ఊరికి తగ్గట్టు రోజులు పెంచారా, ఉన్న రోజుల్లోనే కుక్కారా అన్నదే చూడాలి.

మూడో రకం నడిపేవారి సౌకర్యానికి చేసినవి. వీటిలో ముఖ్యమైనది రాత్రి ప్రయాణం. ఉదాహరణకు 40 మంది గుంపుకి ఇద్దరికో గది చొప్పున 20 గదులు, గది ₹1,200 అనుకుంటే ఒక రాత్రికి ₹24,000. అంటే తలకి ₹600. రెండు రాత్రుల బస తీసేసి బస్సులో నడిపిస్తే టికెట్ ₹1,200 తగ్గించి చూపొచ్చు. అందుకే ధరలు పోల్చేటప్పుడు తక్కువ ధర ప్లానుకి పోయిన ఒక్కో రాత్రికీ ₹600 కలిపి చూడండి. చాలాసార్లు రెండూ ఒకే ధరకు వచ్చేస్తాయి. చీరల దుకాణం, జీడిపప్పు దుకాణం, రుద్రాక్షల దుకాణం దగ్గర ఆపే గంటలు కూడా ఈ మూడో రకమే. "షాపింగ్" అని రాస్తే మేలు, ముందే తెలుస్తుంది. రాయకుండా దర్శనం గంటల్లోంచి కోయడమే నష్టం.

పోలికకు ఏ ఏడాది పనికొస్తుంది?

కరపత్రాలు పోల్చేవాళ్లు తరచుగా పొరపడేది ఇక్కడే. 2020, 2021 కరోనా ఏళ్లు. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలు. 2025 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 26 దాకా ప్రయాగలో మహాకుంభమేళా, ఆ రోజుల్లో కాశీ, అయోధ్య కూడా కిక్కిరిసిపోయాయి. ఈ తేదీల్లో వెళ్లొచ్చినవాళ్లు చెప్పే అనుభవం నిజమే, కానీ మామూలు ఏడాదికి అది కొలత కాదు. "అప్పుడు దర్శనానికి పది గంటలు పట్టింది" అన్నా, కరోనా తరవాత "అరగంటలో అయిపోయింది" అన్నా, ఏ నెలలో వెళ్లారో అడిగి అదే నెల, మామూలు ఏడు వెళ్లినవాళ్ల మాటతో సరిచూసుకోండి.

మన దగ్గర గుంపులు కదిలే కాలాలు కూడా ప్లాన్‌ను మారుస్తాయి. కోతలూ నూర్పులూ అయి సంక్రాంతి వెళ్లాక రైతు కుటుంబాలు, బడి సెలవుల్లో ఉద్యోగస్తులు, కార్తీకంలో అందరూ. దసరా తరవాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కాబట్టి విజయనగరం నుంచి బయలుదేరే బస్సులు ఆ వారం తప్పించి వేస్తారు. దాంతో ఆ తరవాతి వారం ఒకేసారి చాలా బస్సులు కదిలి, వెళ్లిన చోట సత్రాలకు గిరాకీ పెరుగుతుంది.

గంటల లెక్క

ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి: తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, రాత్రి నిద్ర ఎక్కడ. కరపత్రంలో ఉన్న ఊళ్లు ఈ గడుల్లోకి ఎక్కిస్తే చాలు, సగం నిజం బయటపడుతుంది.

కిలోమీటర్లను గంటలుగా మార్చడానికి ఫోన్‌లో కారుకి చూపించే సమయం పనికిరాదు. యాత్రల బస్సుకి 80 కిలోమీటర్ల వేగం దగ్గర కట్టేసే పరికరం ఉంటుంది. టీకి, టోల్‌గేటుకి, డీజిలుకి ఆగుతూ పోతే జాతీయ రహదారి మీద గంటకు 45 నుంచి 50 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు మీద 25 నుంచి 30 వేసుకోవాలి. క్షేత్రం ఊళ్లోకి చేరే ఆఖరి పది కిలోమీటర్లకు విడిగా ఒక గంట వేయాలి.

తరవాత గుంపు వల్ల పోయే సమయం. నాలుగు స్నానాల గదులున్న చోట 40 మంది, మనిషికి పది నిమిషాలు అనుకున్నా గంటా నలభై నిమిషాలు. ప్రతి చోటా దిగి, తిరిగి ఎక్కి, తలలు లెక్కపెట్టుకునేసరికి కనీసం పావుగంట. రోజుకు ఆరు చోట్ల ఆగితే గంటన్నర ఎక్కి దిగడానికే పోతుంది. "ఉదయం 5 గంటలకు చేరిక, 6 గంటలకు దర్శనం" అని రాసి ఉన్న ప్లాన్ ఈ లెక్క దగ్గరే కూలిపోతుంది. ఆరు గంటల దర్శనం ఎనిమిదిన్నరకు మొదలై, ఆ రోజు సాయంత్రం చూడాల్సినవి రద్దవుతాయి. రద్దయ్యేవి ఎప్పుడూ కొత్తగా చేర్చిన ఊళ్లే. పేరు కరపత్రంలో ఉంటుంది, బస్సు అటు పోదు.

డ్రైవరు గంటలు కూడా ఇదే కాగితం మీద కనిపిస్తాయి. చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటల పని. రాత్రంతా నడిపి, పగలు చుట్టుపక్కల తిప్పి, మళ్లీ రాత్రికి నడిపే ప్లాన్‌లో ఒక్క డ్రైవరే ఉన్నాడంటే ఆ బస్సు ఎక్కకూడదు. ఈ విషయంలో రాజీ వద్దు. ఇద్దరు డ్రైవర్లు ఉన్నారని మాటగా కాదు, బయలుదేరే ముందు ఇద్దర్నీ చూసి ఎక్కండి.

పూరీ: దగ్గర కాబట్టి ఎక్కువ కుక్కుతారు

శ్రీకాకుళం నుంచి పూరీకి రోడ్డు మీద సుమారు 340 కిలోమీటర్లు. రాత్రి 9కి బయలుదేరితే తెల్లవారుజామున చేరొచ్చు. పాత ప్లాన్ తీరు ఇది: మొదటి రోజు మొత్తం పూరీ. పొద్దున సముద్రస్నానం, జగన్నాథుడి దర్శనం, ఆనందబజారులో మహాప్రసాదం, సాయంత్రం మళ్లీ గుడి. రాత్రి పూరీలోనే నిద్ర. రెండో రోజు 35 కిలోమీటర్ల దూరంలో కోణార్క్, అక్కణ్నుంచి భువనేశ్వర్‌లో లింగరాజ ఆలయం, ఖండగిరి–ఉదయగిరి గుహలు, రాత్రికి తిరుగుప్రయాణం. ఎక్కడా పరుగు ఉండదు.

కొత్త ప్లాన్లు ఇదే రెండు రోజుల్లోకి చిలికా సరస్సు (సాతపడా దగ్గర డాల్ఫిన్లు), ధౌలి, పిపిలి, నందనకానన్ జంతుప్రదర్శనశాల, తిరుగుదారిలో బరంపురం దగ్గర తారాతారిణి అమ్మవారి గుడి కూడా పెడతాయి. చిలికా ఒక్కటే పూరీ నుంచి 50 కిలోమీటర్లు వెళ్లి, పడవ ఎక్కి, తిరిగి వచ్చేసరికి పూట గడిచిపోతుంది. గాలి ఎక్కువగా ఉంటే పడవలు ఆపేస్తారు. తారాతారిణి కొండ మీదికి వెళ్లి రావాలంటే ఇంకో మూడు గంటలు. ఈ గంటలన్నీ పూరీలోంచే పోతాయి. ఆలయంలో భోగం సమర్పించే వేళల్లో దర్శనం ఆపుతారు. ఆ సమయంలో చేరిన గుంపు కదలకుండా నిలబడాల్సిందే. మొత్తం రెండు గంటలే ఇచ్చిన ప్లాన్‌లో ఒక భోగం అడ్డొస్తే సగం మంది దూరం నుంచి దండం పెట్టి వెనక్కి వస్తారు.

గుడి దగ్గరి ఏర్పాట్లు కూడా మారాయి, పాత ప్లాన్ పట్టుకుని నడిచే సంస్థలు ఇక్కడ దెబ్బతింటాయి. 2024 జనవరి 17న ఆలయం చుట్టూ పరిక్రమ మార్గం ప్రారంభమైంది. బస్సు ఆగే చోటు గుడికి దూరమైంది, పెద్దవాళ్లు నడవాలి, లేదా అక్కడి వాహనాలు పట్టుకోవాలి. కరోనా నుంచి సింహద్వారం ఒక్కటే భక్తులకు తెరిచి ఉండేది, 2024 జూన్ 13న నాలుగు ద్వారాలూ తెరిచారు. 2024 జనవరి 1 నుంచి నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు, చిరుగుల జీన్స్ లాంటివాటికి ప్రవేశం లేదు. ఫోన్లు, తోలు బెల్టులు, పర్సులు బయటే. 40 మంది ఫోన్లు దాచి మళ్లీ తీసుకోవడానికి అరగంట వేయండి. ఇవన్నీ బయలుదేరే ముందే చెప్పే సంస్థ ఈమధ్య పూరీ వెళ్లొచ్చిందని నమ్మొచ్చు.

ఒక తేదీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చూసుకోవాలి. జ్యేష్ఠ పౌర్ణమి నాడు స్నానయాత్ర. ఆ మరుసటి రోజు నుంచి రథయాత్ర ముందు దాకా పదిహేను రోజులు 'అనసర' కాలం, అంటే మూలమూర్తుల దర్శనం ఉండదు. ఆ రోజుల్లో భక్తులు పూరీ దగ్గరి బ్రహ్మగిరిలోని అలార్నాథుడిని దర్శిస్తారు. వేసవి సెలవులు ముగిసే రోజుల్లో ధర బాగా తగ్గించిన పూరీ యాత్ర కనబడితే పంచాంగం తీసి ముందు ఇది చూడండి. నందనకానన్‌కి సోమవారం సెలవు. ప్లాన్‌లో సోమవారం నందనకానన్ ఉందంటే తేదీలు చూడకుండా రాశారన్నమాట.

రెండు రోజులే దొరికితే పాత ప్లాన్ తీసుకోండి. చిలికా చూడాలనే ఉంటే మూడు రోజుల యాత్ర వెతకండి. రెండు రోజుల్లో చిలికా, తారాతారిణి రెండూ ఉన్నది ఏదైనా వద్దు.

కాశీ: తొమ్మిది నిద్రలా, తొమ్మిది రోజుల్లో ఆరు క్షేత్రాలా?

1830 మేలో చెన్నపట్నంలో బయలుదేరి పరివారంతో కాశీ వెళ్లిన, 'కాశీయాత్ర చరిత్ర' రాసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. తిరుగుదారి మన శ్రీకాకుళం మీదుగానే సాగింది. అంత తీరిక ఇప్పుడు ఎవరికీ లేదు. అయినా కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్న ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది. తల్లి కడుపులో మోసిన తొమ్మిది నెలలకు గుర్తుగా ఒక్కో రాత్రి. పాత తరహా యాత్రలు ఈ ఆచారం చుట్టూ అల్లినవి. ఆంధ్రాశ్రమంలోనో, కరివేనవారి సత్రంలోనో, అలాంటి మరో తెలుగు సత్రంలోనో దిగి, అక్కడే ఉంటూ గయకూ ప్రయాగకూ వెళ్లి రావడం. రైలు రోజులతో కలిపి 13, 14 రోజులు పడుతుంది.

ఇప్పటి ప్లాన్లలో ఎక్కువ తొమ్మిది పది రోజుల్లో ఐదారు క్షేత్రాలు తిప్పేవి. తెలుగు రాష్ట్రాల నుంచి తొలి భారత్ గౌరవ్ రైలు (యాత్రల కోసం నడిపే ప్రత్యేక రైలు) 2023 మార్చి 18న సికింద్రాబాద్‌లో బయలుదేరి పూరీ, కోణార్క్, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ చుట్టి వచ్చింది. ఎనిమిది రాత్రులు, తొమ్మిది రోజులు. విజయనగరంలోనూ ఎక్కే వీలుండటంతో మనవాళ్లకు అనువైంది. ఇలాంటి రైలు యాత్రల్లో సామాను ఒకే బెర్తు దగ్గర ఉంటుంది, ఊరూరా గది మారే బాధ తగ్గుతుంది. కానీ రాత్రుల్లో చాలా భాగం రైల్లోనే గడుస్తుంది. తొమ్మిది రోజులన్న మాట చూసి కాశీలో తొమ్మిది నిద్రలు అనుకుని బయలుదేరిన పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ముందే విడమరచి చెప్పాలి.

ఇక గంటలు. తిప్పుడు యాత్రలో సాయంత్రం కాశీ చేరి, దశాశ్వమేధ ఘాట్‌లో హారతి చూసి, మర్నాడు ఉదయం గంగాస్నానం, విశ్వనాథుడి దర్శనం చేసుకుని మధ్యాహ్నం కదిలిపోతారు. ఏడు గంటల నిద్ర తీసేస్తే మెలకువగా ఉన్నది పదకొండు పన్నెండు గంటలు. ఇందులోనే అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు. 2021 డిసెంబరు 13న కాశీ విశ్వనాథ కారిడార్ ప్రారంభమయ్యాక గంగ ఒడ్డు నుంచి నేరుగా గుడికి వెళ్లే దారి వచ్చింది, ఇరుకు సందుల్లో తోపులాట తగ్గింది. ఇది నిజంగా మేలు చేసిన మార్పు. మరోవైపు జనం పెరిగారు. సోమవారాలు, శ్రావణం, శివరాత్రి రోజుల్లో వరుస మామూలు లెక్కకు అందదు. అక్కడ శ్రావణం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుందని గుర్తుంచుకోండి, వాళ్లది పౌర్ణమి నుంచి పౌర్ణమికి లెక్క. రుసుము కట్టి వెళ్లే సుగమ దర్శనం టికెట్ యాత్ర ధరలో ఉందో లేదో అడగండి.

పెద్ద బస్సు పాత నగరంలోకి పోదు. ఆగిన చోటు నుంచి ఘాట్ల దాకా ఆటోల్లోనే వెళ్లాలి. ఆటోకి నలుగురు అంటే 40 మందికి పది ఆటోలు, రెండు మూడు సార్లు. ఈ ఖర్చు ఎవరిదన్నది కరపత్రంలో దాదాపు ఎప్పుడూ ఉండదు. గయలో పిండప్రదానం చేయించే పురోహితుల దక్షిణ, ప్రయాగలో సంగమానికి పడవ ఖర్చు కూడా ఇంతే. మూడూ విడిగా అడిగి, మొత్తం కలిపాకే ధరలు పోల్చండి.

గయ విషయంలో కొత్త ప్లాన్లు పెద్ద పొరపాటు చేస్తాయి. ఫల్గు నది, విష్ణుపాదం, అక్షయవటం మూడు చోట్లా పిండప్రదానం చేయడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, గుంపుగా అయితే ఇంకా ఎక్కువ. కాశీ నుంచి గయకు సుమారు 250 కిలోమీటర్లు, మన లెక్కలో ఐదారు గంటలు. వెళ్లడం, రావడం, కర్మ, బుద్ధగయ అన్నీ ఒకే రోజులో పెడితే ఎక్కడో ఒకచోట కోత పడుతుంది, బుద్ధగయలో పడితే ఫరవాలేదు గానీ కర్మలో పడకూడదు. పితృకార్యం కోసమే వెళ్లేవాళ్లు గయలో ఒక రాత్రి బస ఉన్న ప్లానే ఎంచుకోవాలి. మహాలయపక్షంలో గయ గదులు దొరకడమే కష్టం, గది ఎక్కడో పేరుతో సహా చెప్పలేనివాళ్లతో ఆ పక్షంలో వెళ్లొద్దు.

కాలం కూడా ఒక మాట. జులై నుంచి సెప్టెంబరు మధ్య గంగ పొంగితే పడవలు ఆపేస్తారు, హారతి మెట్ల మీద నుంచి మిద్దెల మీదికి మారుతుంది. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు ఉత్తరాది రైళ్లు గంటల తరబడి ఆలస్యం. ఆ నెలల్లో రైలు దిగిన రోజే దర్శనం పెట్టిన ప్లాన్ నిలబడదు. ఒక పూట ఖాళీగా వదిలిన ప్లానే ఆ కాలానికి సరైనది. ఖాళీ పూటని చూసి "ఏమీ లేదే" అనుకోవద్దు, యాత్రని కాపాడేది అదే.

తిరుపతితో అరుణాచలం

తిరుమలకు ₹300 దర్శనం టికెట్ తేదీ, సమయం, పేరు, ఆధార్‌తో ముడిపడి ఉంటుంది. నెలల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. "దర్శనం టికెట్లు మావే" అనే సంస్థని ఏ పేరు మీద, ఏ సమయానికి తీసుకున్నారో అడగండి. వేరేవాళ్ల పేరు మీదిది మీకు పనికిరాదు. టికెట్ మీరు సొంతంగా తీసుకుని, ఆ తేదీకి సరిపడే యాత్ర వెతుక్కోవడమే అన్నిటికంటే భద్రం.

పాత ప్లాన్‌లో కొండ మీద ఒకటి రెండు రాత్రులు, కింద తిరుచానూరు, కాళహస్తి. కొత్తదాంట్లో కాణిపాకం, వేలూరు దగ్గర శ్రీపురం స్వర్ణదేవాలయం, అరుణాచలం, ఒక్కోసారి కంచి కూడా. ఇందులో పౌర్ణమి గిరిప్రదక్షిణే మొత్తం ప్లాన్‌ని తారుమారు చేస్తుంది. 14 కిలోమీటర్లు, మామూలు నడకకి నాలుగైదు గంటలు. పౌర్ణమి రాత్రి బస్సుల్ని ఊరి బయటే ఆపేస్తారు, అక్కణ్నుంచి నడక అదనం. ఆ నడక ముగించి, విడిపోయిన 40 మందిని పోగేసి, 190 కిలోమీటర్లు వచ్చి మర్నాడు ఉదయం తిరుమల వరుసలో నిలబడటం పెద్దవాళ్లకు కుదరని పని. తిరుమల ముందు, అరుణాచలం తరవాత ఉన్న ప్లాన్ మంచిది. తిరగేసి ఉంటే మధ్యలో ఒక రాత్రి గది ఉండాలి. పౌర్ణమే కావాలన్న పట్టుదల లేకపోతే మామూలు రోజు ప్రదక్షిణ చేయించే యాత్ర ఇంకా హాయి.

మన జిల్లాల్లోనే ఒక రోజు

అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, శ్రీముఖలింగం. అంతా కలిపి శ్రీకాకుళం నుంచి తిరిగి శ్రీకాకుళానికి 130 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఒక్క రోజులో అవుతుంది, కాకపోతే వరస ముఖ్యం. పొద్దున్నే అరసవల్లి, శ్రీకూర్మం ముగించి, గుళ్లు మూసే మధ్యాహ్నం వేళ శాలిహుండం బౌద్ధ స్తూపాలు, కళింగపట్నం తీరం చూసి, సాయంత్రం శ్రీముఖలింగం చేరాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు శ్రీముఖలింగం పెట్టిన ప్లాన్‌లో మూసిన తలుపులు చూసి వస్తారు. ఆదివారం, రథసప్తమి అరసవల్లిలో రద్దీ. తేలినీలాపురం పక్షుల్ని చేర్చిన యాత్రలు అక్టోబరు నుంచి మార్చి దాకానే అర్థవంతం. మే నెలలో అక్కడ చూసేది ఖాళీ చెట్లే.

అరకుకి విజయనగరంవాళ్లు విశాఖ వెళ్లి రైలెక్కే ప్లాన్ తీసుకోనక్కర్లేదు. కొత్తవలసలోనో శృంగవరపుకోటలోనో కిరండూల్ రైలు ఎక్కొచ్చు. సొరంగాలు చూడాలన్న కోరిక తీరుతుంది, తెల్లవారుజాము పరుగు తగ్గుతుంది.

ఎవరికి ఏది

అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే వరసగా రెండు రాత్రులు బస్సులో గడిపే ప్లాన్ వద్దు, ఎంత తక్కువ ధరైనా. తల్లిదండ్రుల కర్మ, మొక్కు, తొమ్మిది నిద్రలు లాంటి నిర్దిష్టమైన పని మీద వెళ్లేవాళ్లకు పాత తరహా నిలకడ యాత్రే తగినది. మొదటిసారి ఉత్తరాది చూసే మధ్యవయసువాళ్లకి, ఎక్కువ సెలవు దొరకనివాళ్లకి తిప్పుడు యాత్ర చెడ్డది కాదు. ఏది తనివితీరా చూడలేమో ముందే తెలిసి వెళితే అసంతృప్తి ఉండదు.

ఉద్దానం వైపు నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల నుంచి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లతో బయలుదేరే కుటుంబాలు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు వైద్యుడితో మాట్లాడి, వెళ్లిన ఊళ్లో డయాలసిస్ ఏర్పాటు ఖాయం చేసుకోకుండా కదలకూడదు. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకు కూడా బస్సులో పక్కవాళ్లు ఇచ్చే ఒళ్లునొప్పుల మాత్రలు ప్రమాదం. అలాంటి మాత్రల్లో చాలావాటికి కిడ్నీని దెబ్బతీసే గుణం ఉంది. మరుగుదొడ్లు దొరకవేమోనని నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ప్రతి యాత్రలోనూ ఉంటారు. మూడు గంటలకోసారి శుభ్రమైన చోట ఆపే ప్లాన్ ఎంచుకోవడానికి ఇదొక్కటే చాలిన కారణం.

డబ్బు కట్టే ముందు

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఆ ఏటి కరపత్రం మీదే తేదీ వేయించి, సంతకం పెట్టించుకోండి. దాని వెనకే నాలుగు మాటలు రాయించాలి: ఏ రాత్రి ఏ సత్రం లేదా హోటల్, గదికి ఎంతమంది, సీట్లు 2+2నా 3+2నా, కరపత్రంలోని చోటు చూపించలేకపోతే ఎంత తిరిగి ఇస్తారు. "పరిస్థితులను బట్టి కార్యక్రమం మారవచ్చు" అన్న వాక్యం ప్రతి కరపత్రంలో ఉంటుంది, అది న్యాయమే. వరద, బంద్, గుడి మూసివేత ఎవరి చేతిలోనూ లేవు. కానీ ఆలస్యంగా బయలుదేరడం వల్లా, దుకాణాల దగ్గర ఆగడం వల్లా తప్పిపోయినవి పరిస్థితుల కిందికి రావు.

దారిలో ప్లాన్ మారితే అప్పటికప్పుడే ఫోన్‌లో తేదీ, సమయం, ఏం రద్దయిందో రాసుకుని, గుంపులో ఇంకో ఇద్దరు ముగ్గురి చేత కూడా రాయించండి. తిరిగొచ్చాక మాట్లాడితే తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కట్టిన సొమ్ము ₹5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకి రుసుము లేదు. అక్కడ ముందుగా అడిగేది రసీదు, సంతకం ఉన్న ఆ కరపత్రం.